పదునుకొచ్చిన గది

మదనపల్లెలో ఏసీ పెట్టించుకున్నామని చెబితే మా కుప్పం వాళ్ళు నవ్వారు, పుంగనూరు వాళ్ళు నవ్వారు, మదనపల్లె వాళ్ళయితే నవ్వడానికి ఇంటికే వచ్చారు. "సల్లగా ఉండే ఊర్లో ఇంకా సల్లగా యాల తల్లీ, మిమ్మల్ని మీరు నిలవ పెట్టుకుంటాండారా?" అని మా ఇంటి ఓనరమ్మ అడిగింది. ఆమె నోటికి జవాబు చెప్పగలిగినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు కాబట్టి నేనూ చెప్పలేదు.

అసలు ఆ ఏసీ నా ఆలోచన కాదు, మా ఆయనది. ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. వేడి ఎట్లా పుడుతుందో, ఎట్లా పాకుతుందో, ఎట్లా పోతుందో ఏటా పిల్లలకు బోర్డు నిండా బొమ్మలేసి చెప్పే మనిషి. ఇంటికొస్తే మాత్రం ఆ చదువంతా చెప్పులతోపాటు గడప బయటే విడిచిపెట్టి వస్తాడు. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని కాబట్టి నాకు సైన్సు తెలియదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను చాలా ఏళ్ళు చెడగొట్టలేదు.

నేను పుట్టి పెరిగింది కుప్పంలో. తొంభైల్లో మా ఇంట్లో ఫ్యాను ఉండేది గానీ, దాన్ని చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే వేసేవాళ్ళు. అది మర్యాద కోసం, గాలి కోసం కాదు. నేను మొట్టమొదట ఏసీని చూసింది రైల్వే స్టేషను దారిలో పెట్టిన కంప్యూటర్ సెంటర్లో. చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, గుడిలోకి పోయినట్టు పోవాలి. లోపల నేల మంచుగడ్డ. ఏసీ లేకపోతే కంప్యూటర్లకు జలుబు చేస్తుందని మా సారు చెప్పేవాడు. వాటి సంగతి నాకు తెలియదు, నాకు మాత్రం ఆ కోర్సు నేర్చుకున్నన్నాళ్ళూ ముక్కు కారుతూనే ఉండింది.

పెళ్ళయ్యాక పుంగనూరులో కాపురం పెట్టాం. అక్కడ మాకొక టేబుల్ ఫ్యాను. అది అటూ ఇటూ తల తిప్పుతుంటే మా ఆయన ఊరుకునేవాడు కాదు. "ఎవరూ లేని మూలకు గూడా గాలి పోతాంది సూడు, దండగ" అని దాని తల బిగించేసేవాడు. బిగించిన తల ఎప్పుడూ ఆయన వైపే ఉండేదని వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఫ్యాను వెనక కూర్చుని నేను కొన్ని వేసవులు గడిపాను.

రెండు వేల సంవత్సరం దాటాక ఆయనకు మదనపల్లెకు బదిలీ అయింది. మేం తీసుకున్నది ఓనరమ్మ ఇంటి వెనక భాగం. ఒక్క మిద్దె, నెత్తిన స్లాబు, పడకగదికి ఒకే కిటికీ. పెరట్లో బట్టలుతికే బండ, ఒక కరేపాకు చెట్టు. ఏప్రిల్లో స్లాబు కాగితే రాత్రి దాకా దిగదు. అరియర్స్ వచ్చిన ఏడు ఆయన నాతో మాట మాత్రం చెప్పకుండా ఏసీ తెచ్చాడు. పరీక్ష పేపర్లు దిద్దాలంటే మెదడు చల్లగా ఉండాలట.

ఆయన ఏసీ వాడే పద్ధతి చూడాల్సిందే. పద్దెనిమిదిలో పెట్టేవాడు. పెట్టి, వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకున్న గొర్రెబొచ్చు కంబళి నిలువునా కప్పుకునేవాడు. "చలేస్తే తగ్గించొచ్చు గదా" అంటే, "ఇంత పెట్టి కొన్నాక సలి ఎయ్యకపోతే ఎట్ల?" అనేవాడు కంబళి లోపల్నుంచి. వేసవి పోయి జూన్ గాలి తిరగ్గానే ఏసీ ఆపేసి, దుమ్ము పడకుండా పాత లుంగీ ఒకటి దానికి చుట్టి కట్టాడు. గోడ మీద లుంగీ కట్టుకున్న ఏసీని చూసి ఓనరమ్మ మళ్ళీ నవ్విపోయింది.

ఆ ఏడే ముసురులో మా మామ మా ఇంటికి వచ్చారు. అంటే మా ఆయన నాన్న. పెద్దపంజాణి దగ్గర ఆయనకు నాలుగెకరాల మెట్ట. వేరుశనగ విత్తి, కలుపు తీయించి, ఆ తర్వాత దమ్ము ముదిరి నడవలేక వచ్చారు. ఉబ్బసాన్ని మా వైపు దమ్ము అంటారు. రొమ్ములో పిల్లికూతలు పక్క గదిలోకి వినబడేవి. చేను తన తమ్ముడికి అప్పజెప్పి వచ్చారు గానీ మనసు అక్కడే వదిలేసి వచ్చారు. రోజూ సాయంత్రం ఆ తమ్ముడికి ఫోన్ చేయించి, ఒక్కో సాలు సంగతీ అడిగేవారు.

వచ్చిన రోజే నాతో తన కోరిక చెప్పారు. "ఈసారి కాయ పీకే నాటికి నేను సేనికాడ నిలబడాలమ్మా. నిరుడు రోడ్డు మింద నుంచి సేనికి పొయ్యేలోపల నాలుగు తూర్లు కూచ్చున్యా. నేను పొయ్యేసరికి సగం పీకేసినారు. నా సేన్లో నేను సుట్టం మాదిరి పోతే ఎట్ల?" ఆ మాట అంటూ దగ్గారు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. నేను వీపు రాస్తూ నిలబడ్డాను.

ఇక మా గది సంగతి చెప్పాలి. మదనపల్లె గాలి పొడిదే గానీ ముసురు పట్టిందంటే మా గదికి ఆ సంగతి తెలియదు. వెనక గోడకు ఆనుకుని పక్కింటివాళ్ళ నీళ్ళ తొట్టి. ఆ చెమ్మ గోడకు దిగి, గోడ నుంచి గాలికి ఎక్కి, దుప్పట్లు ముట్టుకుంటే తడిగా తగిలేవి. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరై, అగ్గిపుల్లలు గీస్తే బూడిద రంగు గీత మాత్రం పడేది. డాక్టరు మామ రొమ్ము మీద గొట్టం పెట్టి విని, పీల్చే మందు రాసిచ్చి, "గదిలో చెమ్మ తగ్గాల. ఏసీ ఉంటే పెట్టండి, అయితే చలి తగలకూడదు" అన్నాడు. ఏసీ పెట్టాలి, చలి తగలకూడదు. స్నానం చేయి, తడవకు అన్నట్టు ఉండింది నాకు.

మా ఆయనకు మాత్రం మొదటి సగమే వినబడింది. ఇంటికి రాగానే లుంగీ విప్పి, అలవాటు కొద్దీ పద్దెనిమిది నొక్కాడు. అరగంటలో మామ రెండు కంబళ్ళు కప్పుకుని, మూడోది అడగడానికి ఊపిరి చాలక, లేచి వరండాలోకి వచ్చేశారు. "మంచిదే నాయనా నీ యంత్రం. శవాన్ని పెడితే వారం ఉంటాది" అన్నారు. మా ఆయన తల గోక్కున్నాడు.

మర్నాడు నేనే ఏసీ బిగించిన మెకానిక్కును పిలిపించాను. కుప్పం పక్క కుర్రాడే, మాటల్లో సగం అరవం. ముందు ఏసీ మూత తెరిచి జల్లెడ బయటికి లాగాడు. అది జల్లెడని చెబితే తప్ప తెలియదు, వేసవి దుమ్మంతా పట్టి గోనెపట్టాలా ఉంది. కుళాయి కింద కడిగి, "పదైదు రోజులకొకతూరి ఇట్ల కడగండి మేడం, లేకుంటే ఇది ఊపిరాడక కరెంటు తింటాది" అన్నాడు. ఇంట్లో దమ్ము ఇద్దరికి ఉందన్నమాట. తర్వాత రిమోట్ తీసుకుని నీటిబొట్టు బొమ్మ చూపించాడు. "వానకాలంలో ఇది సల్లదనానికి కాదు మేడం, తడి లాగేదానికి. తలుపు మూసి, దీన్ని డ్రైలో పెట్టి, మింద ఫ్యాను సన్నగా ఏసుకోండి. సలి ఉండదు, కరెంటూ తక్కువే. సుమ్మనే పద్దెనిమిది, ఇరవై అని పెట్టొద్దండి." ఈ చివరి మాట మా ఆయన వైపు తిరిగి అన్నాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

రెండు రోజులు అట్లాగే పెట్టాం. గదిలో చలి లేదు, దుప్పట్లకు తడి లేదు. మామ రొమ్ములో పిల్లి పడుకుంది. పొద్దున కాఫీ ఇస్తూ "పిల్లి లేచిందా మామా?" అంటే, "ఇంకా నిద్రపోతాండాది, లేపొద్దమ్మా" అనేవారు. ఓనరమ్మ వరండాలో కూర్చుని ఆమె నోటికే జవాబులు చెప్పడం మొదలుపెట్టారు. ఆ వీధి చరిత్రలో అది మొదటిసారి.

మూడో రోజు మామ రిమోట్‌ను చేతిలోకి తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. "దీని మింద ఇది ఏంది రాసిండేది?" అన్నారు. మామకు తెలుగు చదవడం వచ్చు. ఇంగ్లీషులో మాత్రం మూడే అక్షరాలు వచ్చు. డి, ఆర్, వై. ఆ మూడూ ఆయన ఏ బడిలోనూ నేర్చుకోలేదు. చేనులో మూడు బోర్లు వేయించారు. మూడుసార్లూ బోరు బండివాళ్ళు దుమ్ము దులుపుకుంటూ చీటీ రాసిచ్చారు. లోతు రాసి, నీళ్ళు పడలేదని దాని కింద పెద్ద అక్షరాలతో ఆ మూడు. ఆ చీటీలు ట్రంకు పెట్టెలో అడుగున ఉండేవి. ఎందుకు దాచారో నేనెప్పుడూ అడగలేదు.

"రెండు దినాలుగా నువ్వు నొక్కతాండేది ఇదేనా?" అన్నారు మామ.

"అదే మామా. గదిలో తడి పోతాదని..."

"సేన్లో ఊడలు దిగే టయానికి, వానకాలంలో, ఇంట్లో కూచ్చుని ఎవరైనా ఇది నొక్కతారా అమ్మా?" ఆయన గొంతులో కోపం లేదు. పసిపిల్లకు నిప్పు ముట్టుకోవద్దని చెప్పే గొంతు అది.

నేను నవ్వాను. నవ్వకూడదని అప్పుడు తెలియలేదు. ఆ సాయంత్రం నుంచి వాన నిలిచిపోయింది. మబ్బులు మాత్రం కదలకుండా మూసుకుని ఉక్కపోత, కిందికి ఒక్క చినుకు లేదు. వేరుశనగకు పూత రాలి, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే సమయంలో పైన నేల మెత్తగా ఉండాలి. వారం గడిచేసరికి మామ తమ్ముడు, మా చిన్నమామ, ఫోన్లో "నేల గట్టిబడతాంది అన్నా, ఊడ దిగలేదు" అన్నాడు. మామ ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు.

"మన గదిలో నొక్కితే పెద్దపంజాణిలో వాన నిలిచిపోతాదా మామా?" అన్నాను.

"నిలిచిపోయింది గదమ్మా" అన్నారు.

ఆ రోజే రిమోట్ ఆయన ఆకువక్క సంచిలోకి పోయింది. సున్నపు డబ్బా పక్కన, అడకత్తెర కింద. పిల్లి మళ్ళీ లేచింది.

మా ఆయన వాళ్ళ నాన్నను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. క్యాలెండరు వెనక పెన్సిల్‌తో గది గీసి, గాలిలో నీటి ఆవిరి చుక్కలుగా పెట్టి, బాణాలు వేసి, ముప్పావుగంట. మామ చివరిదాకా శ్రద్ధగా విన్నారు. "బాగా అర్థమైంది నాయనా. నీ దగ్గర సదివే పిలకాయలు అదృష్టవంతులు" అన్నారు. లేచి, సంచి నడుముకు దోపుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. మా ఆయన ఆ బొమ్మను ఇంకా కాసేపు చూసుకుంటూ కూర్చున్నాడు.

నేను తెలుగు టీచర్ని, నాకు బాణాలు రావు, మాటలు వచ్చు. మామ స్నానానికి వెళ్ళినప్పుడు సంచిలోంచి రిమోట్ తీసి, దెబ్బలకు అంటించే తెల్లటి పట్టీ ముక్క ఒకటి కత్తిరించి ఆ మూడక్షరాల మీద అంటించి, పెన్నుతో "తరి" అని రాశాను. పట్టా పుస్తకంలో నీటి వసతి ఉన్న భూమికి తరి అని రాస్తారు, లేనిదానికి మెట్ట. జీవితమంతా ఆయన ఆ మాట తన పుస్తకంలో ఎక్కాలని చూశారని నాకు తెలుసు. నా తెలివికి నేనే మురిసిపోయి, మామ రాగానే చూపించాను. ఆయన గోటితో పట్టీ మూల లేపి, మెల్లగా ఊడదీసి, నా అరచేతిలో పెట్టారు.

"రాసినంత మాత్రాన నీళ్ళొస్తాయా అమ్మా? అట్లయితే కరణం ఎప్పుడో రాసిండును" అన్నారు.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయనను నవ్వించాలని చేసింది ఆయనకు తగిలింది. ఆ రోజు నేను వంటలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఆ తర్వాతి నాలుగైదు రోజులు నాకిప్పటికీ బాగా గుర్తు. ఉక్క దిగలేదు, గోడ ఆరలేదు. మామ వీపుకింద మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే ఉండేవారు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మిగతా సగం చెప్పేవారు. "పిల్లి లేచిందా?" అని నేను అడగడం మానేశాను. ఒక తెల్లవారుజామున కూత ఈల అయిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. పీల్చే మందు ఇచ్చాం, కాస్త నెమ్మదించింది. మా ఆయన ఆటో కోసం వీధిలోకి పరుగెత్తాడు. అంత పొద్దున్నే ఆటో ఎక్కడ దొరుకుతుంది?

నాకు కోపం వచ్చిందంటే అది వచ్చినట్టు మా పుట్టింటివాళ్ళకూ తెలిసేది, అత్తింటివాళ్ళకూ తెలిసేది. మామ నడుము నుంచి సంచి లాగి, రిమోట్ తీసి, ఆ బటన్ నొక్కాను. తలుపు మూసి, కింద సందులో తువ్వాలు కుక్కాను. "మామా, వాన నిలిచిపోతే పోనీండి. చేను మళ్ళా విత్తుకోవచ్చు. మీరు పోతే నేను యాడ తెచ్చేది?" అన్నాను. ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకు తెలియదు. ఆయన మాట్లాడే స్థితిలో లేరు. చేయి ఎత్తి నా తల మీద పెట్టారు, అంతే. ఆటో ఏడుకు గాని దొరకలేదు. అది వచ్చేసరికి మామ గోడకు ఆనుకుని నిద్రపోతున్నారు. ఆటోవాడిని కాఫీ ఇచ్చి పంపించాం.

అంతకుముందు రోజు ఓనరమ్మ ఒక గొడవ పెట్టుకుంది. నెల మొదట్లో మేం ఏసీ పెట్టినన్ని రోజులూ గోడ నుంచి బయటికి వచ్చే గొట్టం నీళ్ళు కారి, బట్టలుతికే బండ పక్కన బురద చేసిందట. "మళ్ళా పెడితే కింద ఏదన్నా పెట్టు తల్లీ" అంది. అందుకని నేను గొట్టం కింద ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టి ఉంచాను. ఎనిమిదింటికి మామ నిద్రలేచి, గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చి, ఆ బకెట్ దగ్గర ఆగిపోయారు.

"ఈ నీళ్ళు యాడివి?"

"గదిలోవి మామా."

"గదిలో నీళ్ళు యాడుండాయి?"

"గాలిలో. మీరు డ్రై అంటాండారే, అది చేసే పని ఇదే. గదిలో తడిని గొట్టంలోకి దించుతాది."

ఆయన వంగి బకెట్లో చేయి పెట్టారు. పావు బకెట్ ఉంటుంది. అరచేత్తో కొన్ని తీసి చూసి మళ్ళీ బకెట్లోకే వదిలారు. నాకు ఆయన మొహం కనిపిస్తోంది. మూడు బోర్లు వేసినా చూడని నీళ్ళవి, పడకగది గోడలోంచి చుక్క చుక్కగా వస్తున్నాయి. ఆ మూడక్షరాలు నొక్కితే వస్తున్నాయి.

"ఇన్ని నీళ్ళు నేను రొమ్ములోకి పీలుస్తాండానా ఇన్నాళ్ళూ?" అన్నారు చివరికి.

ముప్పావుగంట పాఠం, పెన్సిల్ బాణాలు చేయలేని పని ఆ పావు బకెట్ చేసింది. అప్పటికీ ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఒక కుర్చీ తెప్పించుకుని గొట్టం ఎదురుగా కూర్చున్నారు. కాసేపటికి కొత్త ఏర్పాటు ఒకటి ప్రకటించారు. ఆ నీళ్ళతో ఇల్లు తుడవకూడదు, మా ఆయన ఆశపడినట్టు ఇన్వర్టర్ బ్యాటరీలో పోయకూడదు, మోరీలో పారబోయకూడదు. "గాల్లోంచి తీసుకున్యాం. భూమికే ఇచ్చేయాల. అప్పుడు వానకు మన మింద కోపం ఉండదు" అన్నారు. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా బకెట్ నీళ్ళు కరేపాకు చెట్టు మొదట్లో పోయడం ఆయన పని. ఆ చెట్టు ఎంత పెరిగిందంటే ఓనరమ్మ వీధికంతా కరేపాకు పంచి పేరు తెచ్చుకుంది.

ఆ సాయంత్రమే వాన కురిసిందని రాస్తే బాగుంటుంది. కురవలేదు. ఐదో రోజు కురిసింది. ఎందుకు కురిసిందని ఇంట్లో ఎవరమూ ఎవరినీ అడగలేదు.

రిమోట్ సంచిలోనే ఉండిపోయింది గానీ ఇప్పుడు దాన్ని వాడేది మామే. మా ఇంట్లో ఏసీ పొదుపుగా వాడటం నేర్పింది ఫిజిక్సు కాదు, ఆయన కుర్చీ. చీకటి పడేముందు తలుపు మూయించి ఏసీ వేసి, రిమోట్ నా చేతికిచ్చి, పెరట్లో కూర్చుని చుక్కలు చూసేవారు. మొదట సన్నటి ధార. గంటకు చుక్కలు. ఇంకో అరగంటకు చుక్కకూ చుక్కకూ మధ్య ఒక తమలపాకు చిలక చుట్టుకునేంత సమయం. అప్పుడు లోపలికి కేకేసేవారు, "గది పదునుకొచ్చింది, ఆపేయమ్మా" అని. పదును అంటే నేల విత్తడానికి తగినంత తడితో ఉండటం. ఎక్కువ తడి అయితే నాగలికి బురద అంటుతుంది, తక్కువైతే విత్తనం మొలవదు. గదికీ పదును ఉంటుందని ఆయనకు తప్ప ఎవరికి తోస్తుంది? ఆపేశాక ఫ్యాను సన్నగా తిరుగుతుంటే తెల్లారేదాకా ఆ పదును నిలిచేది.

ఒక సాయంత్రం ధార ఎంతకీ తగ్గలేదు. రెండు గంటలైనా బకెట్ నిండుతూనే ఉంది. మామకు అనుమానం వచ్చింది. గదిలోకి వెళ్ళి చూస్తే కిటికీ ఊచల నుంచి బీరువా పిడికి తాడు కట్టి, దాని మీద మా ఆయన బనియన్లు, లుంగీలు, తువ్వాళ్ళు వరుసగా ఆరేసి ఉన్నాయి. ముసురుకు బయట ఆరడం లేదని లెక్చరరుగారు ఏసీ గదిని ఎన్నుకున్నారు.

"నాయనా, నేనొక పక్క నీళ్ళు తోడతాంటే నువ్వొక పక్క పోస్తాండావు గదా" అన్నారు మామ. "ఇది ఏ పుస్తకంలో ఉండాది?"

మా ఆయన ఒక్కొక్క బనియనే తీసి భుజాన వేసుకుని వంటింట్లోకి వచ్చాడు. నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. నా భుజాలు కదలడం వెనక నుంచి కనిపించే ఉంటుంది. అప్పటి నుంచి తడిబట్టతో గది తుడవడం కూడా పొద్దునకే మార్చాం. కుక్కరు పెట్టినప్పుడు పడకగది తలుపు మూసే వరకు మామ పెరట్లోంచే కేకలు వేసేవారు. ఏది ఎంత తడి పెడుతుందో ఆయన బకెట్ చూసి చెప్పేవారు.

కరెంటు బిల్లు వచ్చిన రోజు మా ఆయన దాన్ని ఒకసారి చూశాడు, తిప్పి వెనక వైపు చూశాడు, మళ్ళీ ముందు వైపు చూశాడు. వేసవి బిల్లు పక్కన పెట్టుకున్నాడు. తీసుకెళ్ళి వాళ్ళ నాన్న చేతిలో పెట్టాడు. మామ దాన్ని తల్లకిందులుగా పట్టుకున్నారు.

"నాకి ఇంగిలీసు రాదు నాయనా, మూడక్షరాలు తప్ప" అన్నారు.

కార్తీకం వచ్చింది. కాయ పీకే రోజు ఖాయమైందని చిన్నమామ ఫోన్ చేశాడు. ఆ ముందురోజు డాక్టరు విని "పోండి, నెమ్మదిగా నడవండి" అన్నాడు. నెమ్మదిగా అనే మాట మామ చెవిలో వేసుకోలేదు. పొద్దున్నే బస్సెక్కి పుంగనూరులో మారి ముగ్గురం బయలుదేరాం. సంచిలో ఆయన ఆకువక్కలతోపాటు ఒక లీటరు బాటిల్ ఉంది. తాగే నీళ్ళు నా దగ్గర వేరే ఉన్నాయి. అదేమిటని అడిగితే చెప్పలేదు. చెప్పకుండానే నాకు తెలిసింది.

రోడ్డు మీద దిగాం. అక్కడి నుంచి చేనికి బండి బాట. నిరుడు ఆయన కూర్చున్న నాలుగు చోట్లు నాకు చూపిస్తూ నడిచారు. ఒక బండ, ఒక చింత మొదలు, ఒక కల్వర్టు, ఎవరిదో రాతి గట్టు. నేను ఆయన వెనకే, ఒక చెవి ఆయన వీపు వైపు వేసి నడుస్తున్నాను. ఎక్కడ ఆగుతారో, ఎక్కడ మొదలవుతుందో అని నా ఊపిరి నేనే బిగబట్టుకున్నాను. మొదటి చోటు దాటారు. రెండోది దాటారు. మూడోది దాటి ఆగారు. ఆయన వెనక్కి తిరిగి బాట పొడవునా చూశారు. చాలా దూరంలో మా ఆయన చింత మొదట్లో కూర్చుని షర్టుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"రానీలే, పాపం. ఏసీలో పడుకున్యోడు" అన్నారు మామ.

చేను చేరేసరికి పీకడం అప్పుడే మొదలవుతోంది. వంగి ఉన్న ఆడవాళ్ళు తలెత్తి, "ఏమప్పా, ఈ తూరి ముందే వచ్చేసినావే" అన్నారు. పంట మరీ గొప్పగా లేదు, మరీ చెడిపోనూ లేదు. ఊడలు సగమే దిగాయి. మామ మొదటి సాలు చివర నిలబడి బాటిల్ మూత తీసి, గదిలోంచి తెచ్చిన ఆ నీళ్ళు గట్టు వెంట నెమ్మదిగా పోశారు. తర్వాత వంగి ఒక మొక్కను మొదలుకంటా పట్టుకుని పీకి, మట్టి దులిపి, నిటారుగా లేచి నిలబడ్డారు. లేచాక గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

నేను సిగ్గు విడిచి ఆయన వీపుకు చెవి ఆనించి విన్నాను. ఆడవాళ్ళు పని ఆపి నన్ను చూశారు.

"పిల్లి యాడ మామా?" అన్నాను.

"ఇంటికాడ్నే వదిలేసినా. ఎవురో ఒగరు బకెట్ కాడ ఉండాల గదమ్మా" అన్నారు. చేతిలోని మొక్కకున్న కాయల్లో ఒకటి ఒలిచి, పచ్చి గింజలు నా చేతిలో పెట్టి, రెండో మొక్క కోసం వంగారు.